అమెరికా బాస్కెట్‌బాల్‌లో బెకీ హామన్ ప్లేయర్ నుంచి అసిస్టెంట్ కోచ్ ఎలా అయ్యారు?

మోకాలి గాయం వల్ల. 1999 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ఏ జట్టూ తీసుకోకపోయినా, న్యూయార్క్ లిబర్టీ జట్టులో చోటు సంపాదించి, కెరీర్ మొత్తంలో ఆరుసార్లు డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్) ఆల్‌స్టార్ అయ్యారు హామన్. 2007లో శాన్ ఆంటోనియో జట్టుకు మారారు. 2013లో మోకాలి లిగమెంట్ తెగింది. ఖాళీగా కూర్చోకుండా, అదే ఊళ్లోని స్పర్స్ పురుషుల జట్టు ప్రాక్టీసులకు, కోచ్‌ల మీటింగులకు వెళ్లడం మొదలుపెట్టారు. ఆమె ఆటను చదివే తీరు హెడ్ కోచ్ గ్రెగ్ పాపోవిచ్‌కు నచ్చింది. 2014 ఆగస్టులో అసిస్టెంట్‌గా తీసుకున్నారు. పురుషుల లీగ్ ఎన్‌బీఏలో ఫుల్‌టైమ్ జీతంతో ఆ పని చేసిన తొలి మహిళ ఆమే.

2020 డిసెంబర్ 30న లేకర్స్‌తో మ్యాచ్‌లో రిఫరీలు పాపోవిచ్‌ను బయటికి పంపేస్తే, మిగతా ఆట ఆమే నడిపించారు. స్పర్స్ ఓడిపోయిందనుకోండి, అది వేరే సంగతి. 2022లో డబ్ల్యూఎన్‌బీఏ జట్టు లాస్ వేగాస్ ఏసెస్‌కు హెడ్ కోచ్‌గా వెళ్లి, మొదటి సీజన్లోనే టైటిల్ కొట్టారు.