చిలక ఎగిరిపోయిందని పాపకు చెప్పొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మేడ మీద రెండు గదుల అద్దె ఇల్లు. నేను, మావారు, ఎనిమిదేళ్ల పాప, మా అత్తయ్యగారు ఉంటాం. మావారు వ్యాపారం పని మీద వారంలో నాలుగు రోజులు బరంపురంలోనే ఉంటారు. పాప ఏడాదిగా కుక్కపిల్ల కావాలని అడుగుతోంది. అత్తయ్యగారికి ఆయాసం, పైగా మడి. కుక్క ఇంట్లోకి రావడానికి వీల్లేదన్నారు. పోయిన నెల మావారు సంతలో చిలకను కొని, పంజరంతో సహా తెచ్చారు. పాప సంతోషం ఇంతా అంతా కాదు. దానికి ‘శువా’ అని పేరు పెట్టి, బడి నుంచి రాగానే పక్కన కూర్చుని తెలుగు మాటలు నేర్పుతోంది. ఇప్పుడేమో పక్కింటాయన చిలకను పెంచడం నేరమని చెప్పారు. అత్తయ్యగారికి దగ్గు కూడా ఎక్కువైంది. వదిలేద్దామని నేనంటే మావారికి కోపం వచ్చింది, మూడు రోజులుగా ముభావంగా ఉన్నారు. నిన్న మాత్రం ‘పాప బడికెళ్లినప్పుడు వదిలేసి, ఎగిరిపోయిందని చెబుదాం’ అన్నారు. అలా చేయొచ్చా? బదులుగా పాపకు ఏం తెచ్చివ్వాలి?

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. ఆ పంజరం తలుపు మీరు మాత్రం తెరవకండి. సంతలో అమ్మే చిలకలకు చాలావరకు ఎగిరిపోకుండా రెక్క ఈకలు కత్తిరించి ఉంటాయి. రెక్క కాస్త విప్పి చూడండి, ఈకల చివర్లు కత్తెరతో కోసినట్టు సమంగా కనిపిస్తే అదే సంగతి. ఆ ఈకలు రాలి కొత్తవి రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా మేడ మీద నుంచి వదిలితే అది నేరుగా వీధిలో పడుతుంది, అక్కడ పిల్లో కుక్కో సిద్ధంగా ఉంటుంది. గూటిలో పిల్లగా ఉన్నప్పుడే పట్టిన పక్షి అయితే తిండి వెతుక్కోవడం కూడా దానికి రాదు.

పక్కింటాయన చెప్పింది నిజమే. మన దేశపు చిలకల్ని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. జైలుశిక్ష కూడా పడవచ్చు. సంతల్లో బాహాటంగా అమ్ముతుంటే తప్పు కాదేమో అనుకుంటాం, మీవారూ అలాగే అనుకుని ఉంటారు. మీ ఊళ్లోనే అటవీ డివిజన్ ఆఫీసు ఉంది. ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా, మీ అంతట మీరే వెళ్లి, తెలియక కొన్నామని రాసిచ్చి అప్పగించండి. మళ్లీ అడవికి అలవాటు చేయగలిగేది వాళ్లే. ఒకటి రెండు రోజుల్లో ఈ పని కానివ్వండి. ఎండిన రెట్ట దుమ్ము, ఈకల పొడి ఆయాసం ఉన్నవాళ్లకు అసలు పడవు. అత్తగారిని డాక్టరుకు చూపించి, ఇంట్లో చిలక ఉందన్న సంగతి కూడా చెప్పండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ‘ఎగిరిపోయిందని చెబుదాం’ అన్న మాట. నాకు ఆరేళ్లప్పుడు మా ఊరి జాతరలో నాన్న నాకు గులాబీ రంగు కోడిపిల్లను కొనిచ్చారు. అట్టపెట్టెలో పెట్టి, నూకలు వేసి, పక్కలోనే పెట్టుకుని పడుకున్నాను. మూడో రోజు పొద్దున్న లేచేసరికి పెట్టె ఖాళీగా ఉంది. రాత్రి వాళ్లమ్మ వచ్చి తీసుకెళ్లిందని చెప్పారు. నేను నమ్మాను. నమ్మాను కాబట్టే కొన్ని వారాల పాటు వీధిలో కనిపించిన ప్రతి కోడిపెట్ట వెనకా తిరిగాను, గులాబీ రంగు పిల్ల ఉందేమోనని. చివరికి మా పిన్ని కొడుకు నవ్వుతూ అసలు సంగతి చెప్పాడు. కోడిపిల్ల పోయినందుకు కంటే, నేను అలా తిరుగుతుంటే ఇంట్లో అందరూ చూస్తూ ఊరుకున్నందుకు ఏడ్చాను. మీ పాప కూడా రోజూ మేడ మీదికెక్కి ‘శువా, శువా’ అని పిలుస్తుంది. చెట్టు మీద వాలిన ప్రతి చిలకలోనూ తన చిలకనే చూస్తుంది. తలుపు సరిగా వేయలేదేమో, తప్పు తనదేనేమో అని కూడా అనుకుంటుంది. ఎనిమిదేళ్ల పిల్లలు తప్పును తమ మీద వేసుకోవడంలో ముందుంటారు.

అందుకని ఉన్నదున్నట్టు చెప్పండి, అదీ పాపకు వాళ్ల నాన్న నోటితోనే. మాటలు ఇలా ఉండొచ్చు: “నీకు ఇష్టమని తెచ్చాను తల్లీ. చిలకల్ని చెట్టు తొర్రలోంచి పట్టుకొచ్చి అమ్ముతారని, అలా కొనకూడదని నాకప్పుడు తెలియదు. దీనికీ అమ్మా నాన్నా ఉంటారు. పొరపాటు నాది. మనం ముగ్గురం కలిసి వెళ్లి, దానికి ఎగరడం నేర్పేవాళ్లకు ఇచ్చి వద్దాం.” ఏడుస్తుంది, ఏడవనివ్వండి. ‘దానికంటే మంచిది కొంటాలే’ అని ఆ వెంటనే అనకండి. ఒకటి పోతే ఇంకొకటి తెచ్చుకోవడానికి అది పెన్సిలు డబ్బా కాదు కదా.

బదులుగా ఏం తేవాలన్నారు. పిల్లల కోసం తెచ్చే ఏ జంతువైనా చివరికి ఇంట్లో పెద్దవాళ్లు పెంచేదే. మీ ఇంట్లో వారానికి నాలుగు రోజులు ఆ పెద్ద మీరొక్కరే. అలా చూసినప్పుడు కుక్కను ఇప్పటికి పక్కన పెట్టమనే అంటాను. కుక్కంటే పది, పన్నెండేళ్ల బాధ్యత. పొద్దున్నా సాయంత్రం మేడ దింపి తిప్పాలి, మూడో నెల నుంచి రేబిస్ టీకా, ఏటా మళ్లీ టీకా, ఇంటి యజమాని ఒప్పుకోలు, వీటన్నిటి పైన మీ అత్తగారి ఊపిరి. ఎప్పుడైనా సొంత ఇల్లు, కాస్త జాగా అమరితే అప్పుడు ఊరకుక్క పిల్లనే తెచ్చుకోండి. మన ఎండకు పుట్టిన ప్రాణి అది. మంచు దేశపు హస్కీని తెచ్చి మే నెలలో రొప్పించడం పాపం. పిల్లికీ ఆయాసం అడ్డే. కుందేలు చూడ్డానికి బొమ్మలా ఉంటుంది గానీ, ఎత్తుకుంటే భయంతో తన్నుకుని వెన్నెముక విరగ్గొట్టుకోగలదు, మేడ మీద ఎండ వేడికి తాళలేదు. లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే ఆస్ట్రేలియా పక్షులకు చిలకల చట్టం వర్తించదు గానీ ఈకల పొడి వాటికీ ఉంటుంది. తాబేలు జోలికి అసలు పోకండి. నక్షత్ర తాబేలైతే మళ్లీ చట్టమే.

మీ ఇంటికి చేపలు సరిపోతాయి. గుండ్రటి గాజు గిన్నెలో ఒక గోల్డ్ ఫిష్ మాత్రం వద్దు. సరిగ్గా చూస్తే పదేళ్లకు పైగా బతికే చేప అది, చాలా మలినం చేస్తుంది, ఆ గిన్నెలో తన మలినంలోనే ఊపిరాడక పోతుంది. 50, 60 లీటర్ల తొట్టి, చిన్న ఫిల్టరు తీసుకోండి. 60 లీటర్ల నీళ్లంటేనే 60 కిలోలు, కాబట్టి గట్టి బల్ల చూసి, ఎండ పడని గోడ వారగా పెట్టండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ పోవడానికి అమ్మే చుక్కల మందు వాడండి.

తొట్టి తెచ్చిన రోజే చేపలు కొనకండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. చేపల మలినం నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని విరిచే సూక్ష్మజీవులు ఫిల్టరులో పెరగడానికి నెల, నెలన్నర పడుతుంది. అవి పెరగకముందే చేపల్ని వేస్తే వరసగా చనిపోతాయి, మనమేమో ‘చేపలు మా ఇంటికి అచ్చిరావు’ అనుకుంటాం. ఆ నెలన్నరా ఫిల్టరు నడుపుతూ రోజూ చిటికెడు చేపల మేత వేయండి. పాప చేతనే వేయించి, క్యాలెండరులో తేదీ మీద సున్నా చుట్టించండి. ఖాళీ తొట్టిలో మేతేమిటని అడుగుతుంది. కంటికి కనిపించని జీవులకు అన్నం పెడుతున్నావని చెప్పండి, అది నిజం కూడా. తర్వాత నాలుగు గప్పీ చేపలు కొనండి, అన్నీ మగవే. పెద్ద రంగురంగుల తోక ఉన్నవి మగవి. ఆడవి కలిస్తే రెండు నెలల్లో తొట్టి నిండా పిల్లలే. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. ఫిల్టరు స్పాంజిని తొట్టిలోంచి తీసిన ఆ నీళ్లలోనే పిండండి, కుళాయి కింద కడిగితే ఆ జీవులు చచ్చిపోతాయి. మేత రెండు నిమిషాల్లో తినేసేంత చాలు. పాప వేసింది చాలక నానమ్మ కూడా వేస్తే నీళ్లు పాడవుతాయి, కాబట్టి ఎవరు ఎప్పుడు వేయాలో ముందే అనుకోండి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. 2018లో తిత్లీ తుపానుకు మీ జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

చేపతో కబుర్లు చెప్పుకోలేం, నిజమే. పాప శువాకు తెలుగు నేర్పుతోందని రాశారు. బడిలో రోజంతా ఒడియా, స్నేహితులతో ఒడియా, నాన్న ఊళ్లో లేరు. తెలుగులో మాట్లాడటానికి ఒక తోడు కావాలనిపించిందేమో. రాత్రి ఎనిమిదింటికి మీవారు బరంపురం నుంచి ఫోన్ చేసి పది నిమిషాలు పాపతోనే మాట్లాడితే, ఏ పెంపుడు జంతువూ తీర్చలేని లోటు కొంత తీరుతుంది.

మీవారి కోపం గురించి. ఇంటికి దూరంగా ఉండే తండ్రి, కూతురి మొహంలో వెలుగు చూడాలని ఎంతో ఆశగా తెచ్చిన కానుక అది. ‘వదిలేద్దాం’ అన్న మాట ఆయనకు తన ప్రేమను బయటికి గిరాటేసినట్టు వినపడి ఉంటుంది. “మీరు తెచ్చినప్పుడు పాప మొహం చూశాను, అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు” అని మీరే ముందు అనండి. చట్టం సంగతి, చేపల సంగతి ఆ తర్వాత మాట్లాడవచ్చు. అటవీ ఆఫీసుకు ముగ్గురూ కలిసి వెళ్లండి. పంజరాన్ని కూడా అక్కడే ఇచ్చేసి రండి, ఇంటికి తిరిగి తేవద్దు.