కొత్తగా కొన్న గుర్రం మనిషిని చూస్తేనే బెదురుతోంది, ఎన్నాళ్లకు ఎక్కవచ్చు?

ఎక్కడం సంగతి ప్రస్తుతానికి మరచిపొమ్మని నా మనవి. చంద్రగిరి దగ్గర మా మామిడితోటలో ఉన్న ఆడగుర్రం పెళ్లి ఊరేగింపులో టపాకాయల మోతకు బెదిరి, పెళ్లికొడుకును కింద పడేసి, పనికిరానిదన్న పేరుతో చౌకగా నా చేతికి వచ్చింది. దానిని ఎక్కడానికి నాకు 10 నెలలు పట్టింది. మొదటి 3 నెలలు జీను కొట్టం దాటి బయటికే రాలేదు.

19వ రోజున నేను చేసిన తప్పు మీకు ఉపయోగపడవచ్చు. అప్పటికి అది భుజం మీద నా చేతిని కాసేపు ఉండనిస్తోంది. ఆ ధైర్యంతో, చూడవచ్చిన బంధువుల ముందు గొప్పకు పోయి, తలకు తగిలించే పట్టీ పట్టుకొని నేరుగా దాని ముఖానికి ఎదురు నడిచాను. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కనుక చుట్టూ ఉన్నది దాదాపు అంతా కనబడుతుంది గానీ, నుదుటికి సరిగ్గా ముందు, తోకకు సరిగ్గా వెనుక ఉన్నది మాత్రం కనబడదు. అంటే దానికి నేను మాయమై, ముఖం మీదికి వచ్చిన చేయిగా మాత్రమే మళ్లీ ప్రత్యక్షమయ్యాను. అది తల ఎగరేసి, కంచె తోసుకొని తోటలో పడింది.

నేను వెంటబడ్డాను, బంధువులు కేకలు వేశారు, ఒకాయన వీడియో తీశాడు. వయసులో ఉన్నప్పుడు తిరుపతిలో జట్కా తోలిన పక్క పొలం తాత మాత్రం నా భుజం పట్టి ఆపి, "ముందు నువ్వు ఊపిరి ఇడువు అబ్బోడా. నువ్వు బిగబట్టినావు, అందుకే అదీ బిగబట్టింది" అన్నాడు. గుప్పెడు నానిన ఉలవలు గంపలో వేసి నేల మీద పెట్టించి, గుర్రానికి వీపు తిప్పి నన్ను చెట్టు కింద కూర్చోబెట్టాడు. గుప్పెడే ఎందుకంటే, దాణా ఒక్కసారిగా పెంచితే గుర్రానికి వచ్చే కడుపునొప్పి ప్రాణం మీదికి తెస్తుంది.

రెండు గంటలు గడిచాయి. ఓరగా చూస్తే దాని ఒక చెవి నా వైపు, ఒక చెవి రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి. చాలాసేపటికి తల దించి, నోట్లో ఏమీ లేకుండానే నమిలి, పెదవులు నాకుకొని, గంప దాకా వచ్చింది. ఇప్పుడు పట్టుకోవచ్చునని నేను లేవబోతే, "పట్టొద్దు, లేసి అవతలికి నడువు" అన్నాడు తాత. నడిచాను. ఉలవలు వదిలేసి అది నా వెనుక నాలుగు అడుగులు వేసింది.

నా అభిప్రాయంలో మచ్చిక అంతా అక్కడే ఉంది: అది వెనక్కి తగ్గకముందే మనం తగ్గాలి. అప్పటి నుంచి పక్కగా, భుజం వైపుకే వెళ్తాను, చెవి కదిలితే ఆగుతాను. గుర్రాలు ఒకదానినొకటి పళ్లతో గోక్కొనే చోట, అంటే మెడ వీపుతో కలిసే చోట గోకుతాను. పగ్గం బిగించినప్పుడు అది ఒక్క అడుగు వేస్తే ఆ క్షణమే వదులు చేస్తాను, ఎందుకంటే దానికి నేర్పేది లాగడం కాదు, ఆ వదులు. ఎడమ పక్క నేర్పినదంతా కుడి పక్క మళ్లీ మొదటి నుంచి నేర్పవలసి వచ్చింది. పూటకు పావుగంట మించనివ్వలేదు.

ఒక్క గంటలో గుర్రాన్ని లొంగదీసే వీడియోలు దయచేసి చూడకండి, అందులో ఉన్నది అలసట. తిరుమల బ్రహ్మోత్సవాలలో డప్పుల మధ్య నిదానంగా నడిచే గుర్రాలను చూపించి "నీదెందుకు అలా నడవదు?" అని నన్ను అడిగేవారూ ఉన్నారు. ఎనిమిదో రోజు రాత్రి స్వామిని మోసే అశ్వవాహనం తప్ప, పుట్టుకతోనే బెదురు లేని గుర్రాన్ని నేను చూడలేదు.

మాది ఇప్పటికీ టపాకాయకు వణుకుతుంది. దీపావళి రాత్రి కొట్టం తలుపు దగ్గర మంచం వేసుకొని పడుకుంటాను. పెళ్లికి అద్దెకిస్తారా అని ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి, ఇవ్వను.