మిగిలిన అయిదు నిమిషాలు

అమ్మలూ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఆ రెసిడెన్షియల్ కాలేజీ వద్దన్నావట. ఇంటి దగ్గరి గవర్నమెంటు జూనియర్ కాలేజీలోనే ఎంపీసీ చేరి, ఫిజిక్స్ మాత్రం ఫోన్‌లో వీడియో పాఠాలు చూసి సొంతంగా నేర్చుకుంటానన్నావట. చెబుతున్నంతసేపూ దాని గొంతులో టెన్షనే. నాకు మాత్రం ముందు గుండె నిండింది. మన ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఫిజిక్స్ చదువుతానంటోంది, అదీ తన కాళ్ళ మీద తాను నిలబడి. ఫోన్ పెట్టేసి మంచం ఎక్కాక ఆ టెన్షన్ నన్నూ పట్టుకుంది. నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే "సరే అమ్మమ్మా, సరే" అని పెట్టేస్తావు. కాగితమైతే మళ్ళీ చదువుకుంటావు.

అనుపాతం దగ్గర ఆగిపోయావని కూడా చెప్పింది. నాలుగు వీడియోలు చూసినా ఎక్కడం లేదని ఏడ్చావట. ఏడవకు తల్లీ. ఆగాల్సిన చోటే ఆగావు. అక్కడ ఆగకుండా దాటిపోయినవాళ్ళే తర్వాత అడుగడుగునా తడబడతారు. ముప్పై ఏళ్ళ పైన ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని, ఈ మాట నమ్ము.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. పాఠం చూసేటప్పుడు ఒళ్ళో పుస్తకం, చేతిలో పెన్సిలు ఉండాలి. ఒకటిన్నర స్పీడు పెట్టొద్దు. లెక్క చదవగానే వీడియో ఆపి, నువ్వు చేశాకే జవాబు చూడు. రాత్రి పదిన్నరకల్లా ఫోన్ మీ అమ్మ చేతికిచ్చేయి, నీ కళ్ళు అసలే సున్నితం.

ఇక అసలు సంగతి. మధ్యలో చేపపిల్లలా కనిపించే ఆ అనుపాతం గుర్తు (∝) ఉంది చూడు, దాన్ని అందరూ "ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతుంది" అని చదివేస్తారు. ఆ మాట చాలదు. ఒకటి రెండింతలైతే రెండోదీ సరిగ్గా రెండింతలు కావాలి, మూడింతలైతే మూడింతలు, సగమైతే సగం. అప్పుడే అది అనులోమానుపాతం. ఆటో మీటరు చూడు. దూరం పెరిగితే డబ్బులు పెరుగుతాయి, కానీ ఎక్కగానే కనీస ఛార్జీ పడుతుంది కాబట్టి దూరం రెండింతలైనా డబ్బులు రెండింతలు కావు. గ్రాఫ్ గీస్తే కనీస ఛార్జీ దూరం దాటాక సరళరేఖే వస్తుంది, కానీ అది సున్నా దగ్గర మొదలవదు. దోసె సంగతి చూడు. జానెడు వెడల్పు దోసెకి గరిటెడు పిండి పడితే, అదే మందాన రెండు జానల దోసెకి నాలుగు గరిటెలు పడుతుంది. అక్కడ పిండి వెడల్పుకి కాదు, వెడల్పు వర్గానికి అనుపాతంలో ఉంది. విలోమానుపాతానికీ ఇదే పరీక్ష. "పెరిగితే తగ్గుతుంది" అంటే చాలదు, రెండింతలైతే సరిగ్గా సగం కావాలి. వీడియోలో ఏ కొత్త సూత్రం వచ్చినా ముందు ఈ ప్రశ్న వేసుకో: దీన్ని రెండింతలు చేస్తే అది ఎన్నింతలవుతుంది?

చేపపిల్ల తీసేసి సమానం గుర్తు పెట్టగానే 'కె' ఎక్కడి నుంచి ఊడిపడిందని అడిగావట. మంచి ప్రశ్న. అన్నం వండేటప్పుడు బియ్యం ఎన్ని గ్లాసులో దానికి రెండింతల నీళ్ళు పోస్తాం కదా, ఆ రెండే 'కె'. అదే కొత్త బియ్యమైతే రెండు పోస్తే ముద్దయిపోతుంది, ఒకటిన్నర చాలు. పాత బియ్యం రెండున్నర కూడా తాగుతుంది. నీళ్ళు, బియ్యం అనుపాతంలో ఉండటం అన్నిటికీ ఒకటే, ఆ అంకె మాత్రం బియ్యాన్ని బట్టి మారుతుంది. స్ప్రింగు లాగినప్పుడు ఆ అంకె స్ప్రింగుది, కరెంటు తీగలో ఆ అంకె తీగది. 'కె' కనపడితే "ఇది దేని స్వభావం?" అని అడుగు.

నిద్ర పట్టనివ్వని విషయం వేరే ఉంది. అది నీకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియనవసరం లేదు.

1985 జనవరి, సంక్రాంతి సెలవులయ్యి బడి తెరిచారు. తొమ్మిదో తరగతికి లోలకం పాఠం చెబుతున్నాను. హెడ్మాస్టరు గారి గదిలో పాత గోడగడియారం ఉండేది, లోలకం గడియారం. అది రోజుకి పది నిమిషాలు ముందుకి పోయేది. నాకు ఉత్సాహం వచ్చింది. "రేపటికల్లా దీన్ని మనమే లెక్క కట్టి సరిచేద్దాం" అని పిల్లలకి చెప్పాను. బల్ల మీద దింపి గుండు మధ్యవరకు కొలిస్తే లోలకం 25 సెంటీమీటర్లుంది. రోజుకి 1440 నిమిషాలు, అందులో పది అంటే 144వ వంతు. పొడవు పెంచితే నెమ్మదిస్తుంది కాబట్టి పొడవుని 144వ వంతు పెంచాలన్నాను. 250 మిల్లీమీటర్లలో 144వ వంతు 1.7 మిల్లీమీటర్ల పైచిలుకు. గుండు కింద ఉన్న మర ఎన్ని చుట్లు తిప్పితే గుండు ఎంత దిగుతుందో ముందే కొలిచి పెట్టుకున్నాను. పిల్లలంతా చుట్టూ మూగి చూస్తుండగా తిప్పాను. రేడియో వార్తలతో సరిచేసుకున్న నా చేతి గడియారంతో టైము కలిపి వచ్చేశాను.

మర్నాడు అదే టైముకి పిల్లల్ని తీసుకుని వెళ్ళాను. గడియారం అయిదు నిమిషాలు ముందుంది.

ఏదో మెరుగైంది కదా అని సర్దుకోబోయాను. ఇంతలో రెండో బెంచీ పిల్ల, ఎప్పుడూ నూనె రాసి బిగించిన రెండు జడలతో వచ్చేది, లేచి అడిగింది: "టీచర్, సరిగ్గా సగమే ఎందుకు తగ్గింది? నాలుగో ఆరో కాకుండా సగం?"

హెడ్మాస్టరు గారు కుర్చీలో ఉన్నారు. పిల్లలందరూ నా మొహమే చూస్తున్నారు. నాకు జవాబు తెలియదు. "పాత గడియారం, మర అరిగిపోయింది. అన్నీ నీకే కావాలి, నోరు మూసుకుని నిలబడు" అన్నాను. ఆ పిల్ల నోరు మూసుకుంది. ఆ సంవత్సరమంతా మళ్ళీ తెరవలేదు. అటెండరు రోజూ కొంచెం కొంచెం మర తిప్పుతూ నాలుగు రోజుల్లో గడియారాన్ని దారిలో పెట్టాడు. నేనా గదిలోకి వెళ్ళినప్పుడల్లా అటు చూడకుండా వచ్చేదాన్ని.

ఆ ఎండాకాలం మధ్యాహ్నం మీ అమ్మని చీర ఉయ్యాలలో వేసి ఊపుతున్నాను. అప్పటికి అది ఏడాది నిండని పిల్ల. తలుపు దగ్గర గాలి తగులుతుందని ముడి కాస్త వదులు చేసి ఉయ్యాలని కిందికి దింపాను. ఊపు నెమ్మదించింది. చెయ్యి అలా ఊపుతూనే ఉంది, బుర్రలో మాత్రం ఆ పిల్ల గొంతు వినపడింది. సగమే ఎందుకు? అప్పుడు తట్టింది. ఆవర్తన కాలం, అంటే లోలకం ఒకసారి వెళ్ళి రావడానికి పట్టే సమయం, పొడవుకి అనుపాతంలో లేదు, పొడవు వర్గమూలానికి అనుపాతంలో ఉంది. ఆ మాట ఆ వారమే నా చేత్తో బోర్డు మీద రాశాను! క్యాలెండరు కాగితం వెనక పెన్సిల్‌తో వేసి చూశాను. కాలం వందకి ఒకటి పెరగాలంటే పొడవు 1.01 ఇంటూ 1.01, అంటే 1.0201 కావాలి. వందకి రెండు. ఇలా కొంచెమే పెంచినప్పుడు, పొడవు వందకి ఎంత పెరిగితే కాలం వందకి అందులో సగమే పెరుగుతుంది. నేను 1.7 దింపాను. దింపాల్సింది సుమారు మూడున్నర. మర అరగలేదు, గడియారం తప్పు చెప్పలేదు. లోలకం సూత్రం మొత్తం ఆ మిగిలిన అయిదు నిమిషాల్లో ఉంది. పుస్తకం చదివి పాఠం చెప్పే నాకు కనపడలేదు, ఆ పిల్లకి కనపడింది.

జూన్‌లో బడి తెరిచిన రోజు ముందుగా పదో తరగతికే వెళ్ళాను. రెండో బెంచీ ఖాళీగా ఉంది. వాళ్ళ నాన్న రైస్‌మిల్లులో పని చేసేవాడు, మిల్లు మారితే కుటుంబంతో వెళ్ళిపోయారట, టీసీ తీసుకున్నారట. ఆ తర్వాత ఆ పిల్ల నాకు కనపడలేదు.

ఇప్పుడు అర్థమైందా, నాకెందుకు నిద్ర పట్టలేదో. వీడియోలో మాస్టారు నిన్ను తిట్టడు, అది మంచిదే. కానీ నువ్వు చెయ్యెత్తినా ఆయనకి కనపడదు. సాల్ ఖాన్ 2004 లో తన బంధువుల అమ్మాయికి యూనిట్లు మార్చే లెక్కలు రావడం లేదని దూరం నుంచే చెప్పడం మొదలుపెట్టాడు. ఇంటర్నెట్‌లో ఉచితంగా పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీకి బీజం అదే. అక్కడ అవతల ఒక అమ్మాయి ఉండి, అర్థం కాలేదని చెప్పేది. నీ అవతల ఎవరూ లేరు. బాగా చెప్పే మాస్టారైతే మరీ ప్రమాదం, ఆయన చెప్పేది సాఫీగా సాగిపోతుంటే తల ఊపుతూ కూర్చుంటావు, ప్రశ్న లోపలే అణిగిపోతుంది. అలా కానివ్వకు. ఒక నోట్‌బుక్ కేవలం ప్రశ్నలకే పెట్టుకో. "ఇది పిచ్చి ప్రశ్న" అనిపించినవి ముందు రాయి. ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చేసి చదువు. నాకు తెలియకపోతే తెలియదనే చెబుతాను, ఇద్దరం కలిసి వెతుక్కుందాం. కాలేజీలో లెక్చరర్ గారినీ అడుగు. ఆయన విసుక్కుంటే మర్నాడు మళ్ళీ అడుగు.

ఇంటర్లో వాయువుల పాఠం వచ్చినప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. పీడనం మారకుండా ఉంటే ఘనపరిమాణం ఉష్ణోగ్రతకి అనుపాతంలో ఉంటుందని చదివి, 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకి పోతే రెండింతలవుతుందని రాసేస్తారు. సెల్సియస్‌లో సున్నా నిజమైన సున్నా కాదు. 273 కలిపి కెల్విన్‌లోకి మార్చు, 293 నుంచి 313. పెరిగేది వందకి ఏడు దాకా, అంతే.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. కిటికీ ఊచకి దారం కట్టి, చివర చిన్న తాళం కప్ప వేలాడదియ్యి. ఊచ నుంచి కప్ప మధ్యవరకు 25 సెంటీమీటర్లు పెట్టు. కొంచెమే పక్కకి లాగి వదులు. వెళ్ళి మళ్ళీ వస్తేనే ఒక డోలనం, చాలామంది అక్కడే తప్పు లెక్కపెడతారు. ఇరవై డోలనాలకి ఎన్ని సెకన్లో రాసుకో. తర్వాత దారం 50, ఆ తర్వాత 100 చెయ్యి. పొడవు నాలుగింతలయ్యాక కాలం ఎన్నింతలయిందో నేను చెప్పను. తర్వాత రెండు గ్రాఫులు గియ్యి, ఒకటి పొడవుకీ కాలానికీ, ఇంకొకటి పొడవుకీ కాలం వర్గానికీ. ఏది సున్నా నుంచి తిన్నగా పోతుందో నువ్వే చూడు. చూశాక మళ్ళీ ఆ వీడియో పెట్టుకో.

అంకెలు సరిగ్గా రాకపోతే దిద్దకు. దారం సాగి ఉంటుంది, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కడం ఆలస్యమై ఉంటుంది. వచ్చినవి వచ్చినట్టే రాయి, పక్కన నీ అనుమానం కూడా రాయి. పండక్కి వచ్చేటప్పుడు ఆ కాగితం మడతపెట్టి సంచిలో వేసుకుని తీసుకురా. అరిసెలు చేసి ఉంచుతాను, ముందు కాగితం చూశాకే మిగతావి.

అమ్మకి కంగారు పడొద్దని చెప్పు, నాన్నని అడిగానను.

మీ అమ్మమ్మ