జీతం తగ్గుతుంది, నాన్న వద్దంటున్నారు... ఉద్యోగం మారాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఎంబీఏ తర్వాత ఆరున్నరేళ్లుగా ఒక పెద్ద మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్ సంస్థలో పనిచేస్తున్నాను. సోమవారం తెల్లవారుజామున ఫ్లైటెక్కితే మళ్లీ గురువారం రాత్రే ఇంటికి చేరేది. ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఒక ఫార్మా కంపెనీ కార్పొరేట్ స్ట్రాటజీ టీమ్‌లో ఆఫర్ వచ్చింది. చేతికొచ్చే జీతం ఐదో వంతు తగ్గుతుంది. కొన్ని షేర్లు ఇస్తామంటున్నారు. తెనాలిలో ఉండే మా నాన్న రిటైర్డ్ టీచర్. 'పది కంపెనీలకు సలహాలు చెప్పేవాడివి, పోయి పోయి ఒక కంపెనీలో ఉద్యోగిగా చేరతావేంట్రా' అంటున్నారు. రెండేళ్లు ఓపిక పడితే పార్ట్‌నర్ అయ్యే అవకాశమూ ఉంది. కానీ పోయినేడు ఒక ఫ్యాక్టరీ కోసం ఆరు నెలలు కష్టపడ్డాం, మేమిచ్చిన రిపోర్టు ఏమైందో నాకిప్పటికీ తెలియదు. కోకాపేట ఫ్లాట్‌కి ఈఎంఐ కడుతున్నాం. పాప పుట్టాక నా భార్య బ్యాంకు ఉద్యోగం మానేసింది. పాపకిప్పుడు నాలుగేళ్లు. రెండు ఉద్యోగాల లాభనష్టాలు ఎక్సెల్‌లో వేసి, ఒక్కోదానికి మార్కులిచ్చి నా భార్యకి చూపించాను. 'ఇంటికి కూడా క్లయింట్ దగ్గరికి వచ్చినట్టే వస్తారు మీరు' అని లేచి వెళ్లిపోయింది. పన్నెండు రోజుల్లో జవాబివ్వాలి. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు ఉద్యోగం గురించే ఎక్కువ రాశారు. నేను మాత్రం ఆ ఎక్సెల్ షీటు దగ్గరే ఆగిపోయాను. జీతం, హోదా, ప్రయాణాలు, అన్నిటికీ మార్కులు మీరే వేశారు. మీ భార్య మళ్లీ ఉద్యోగంలో చేరడం అనే వరస అందులో ఉందా? లేదనే నా అనుమానం. ఉత్తరంలో కూడా ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి పాప వయసులోకి వెళ్లిపోయారు. ఆవిడ లేచి వెళ్లింది మీ లెక్క తప్పని కాదనుకుంటాను. ఇద్దరూ కూర్చుని వేసుకోవాల్సిన లెక్కని మీరొక్కరే పూర్తిచేసి తెచ్చి చూపించారు. ఆమె మనసులో ఇంకా ఏముందో ఆమే చెప్పాలి. మీరు అడగాలి. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ఉద్యోగం విషయంలో నా అభిప్రాయం ముందే చెబుతాను. మారండి. అయితే కారణం ప్రయాణాలు కాకూడదు. ప్రయాణాల బాధ ఒక్కటే అయితే, ఊళ్లోనే ఉండే ప్రాజెక్టు అడిగి చూడొచ్చు. నాకు నమ్మకం కలిగించింది ఆ ఫ్యాక్టరీ రిపోర్టు మాట. చెప్పిన సలహా ఏమైందో తెలియని బాధ మీలో ఏడాదిగా ఉంది. కార్పొరేట్ స్ట్రాటజీ అంటే కంపెనీ లోపలే ఉండి, అది ముందుముందు ఏం చేయాలో ఆలోచించే పని. అందులో ఆ బాధ ఉండదు. ఏమైందో రోజూ తెలుస్తుంది. మీరు చెప్పింది జరక్కపోతే, జరక్కపోవడం కూడా మీ కళ్ల ముందే కనిపిస్తుంది.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను చాలా ఏళ్లు కంపెనీల హెచ్ఆర్‌లో పనిచేశాను. అక్కడ ఒకసారి మీలాంటి కుర్రాడు కన్సల్టింగ్ నుంచి వచ్చి స్ట్రాటజీ టీమ్‌లో చేరాడు. చాలా తెలివైనవాడు. మూడో వారంలోనే ప్లాంట్ హెడ్‌కి అరవై స్లైడ్లు చూపించాడు, ఖర్చు ఎక్కడ తగ్గించొచ్చో. ఆయన అంతా విని 'బాగుందండీ' అన్నారు. అంతే. ఆరు నెలలైనా ఒక్కటీ కదల్లేదు. ఆ కుర్రాడు నా గదిలో కూర్చుని, నా లెక్కల్లో తప్పేముంది మేడమ్ అని కన్నీళ్లు పెట్టుకున్నాడు. తప్పేమీ లేదు. కన్సల్టెంట్‌కి ఎండీ పిలిపించారన్న బలం ఉంటుంది. స్ట్రాటజీ టీమ్‌లో మనిషికి అది కొద్ది వారాలే ఉంటుంది. తర్వాత నలుగురితో కలిసి క్యాంటీన్లో తిని, వాళ్ల ఇబ్బందులు తెలుసుకుని, వాళ్ల నోటి నుంచే ఆ ఆలోచన వచ్చేలా చేయాలి. అతను అది నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. మీకూ అంతే పడుతుందని అనుకుని వెళ్లండి. మొదటి ఏడాది నేనెందుకు వచ్చానా అనిపించే రోజులుంటాయి.

ఫార్మాలో ఇది మరీ నిజం. ఇంజెక్షన్ల వ్యాపారంలోకి వెళ్దాం అని బోర్డుకి చక్కగా చెప్పొచ్చు. అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ. దాని ఇన్‌స్పెక్టర్లు ప్లాంటు చూసి, వెళ్లే రోజు లోపాల జాబితా, అంటే 483 కాగితం, చేతిలో పెడితే, అందులో రాసిన లోపాలు తీవ్రమైనవైతే కొత్త మందుల అనుమతులు ఆగిపోవచ్చు. అప్పుడు మీ మూడేళ్ల ప్లానంతా ఆ ప్లాంటు క్వాలిటీ మేనేజర్ మీద ఆధారపడుతుంది. అందుకే చేరిన మొదటి నెల హెడ్డాఫీసులో కాకుండా జీడిమెట్లో, పాశమైలారమో, విశాఖ దగ్గర పరవాడో, వాళ్ల ప్లాంటు ఎక్కడుంటే అక్కడ గడపనివ్వమని ఆఫర్ ఒప్పుకునే ముందే అడగండి. దానికి వాళ్లిచ్చే జవాబులోనే ఆ కంపెనీ మీకు చాలావరకు అర్థమవుతుంది.

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. మీ బాస్ నేరుగా ఎండీకి రిపోర్ట్ చేస్తారా, లేక ఫైనాన్స్ కింద ఎక్కడో ఉన్నారా? గత రెండేళ్లలో ఈ టీమ్ చెప్పగా జరిగిన పని ఏమిటి? ఈ ప్రశ్నకి తడుముకుంటే జాగ్రత్త పడండి. అక్కడ మీరు బోర్డు మీటింగులకి స్లైడ్లు చేసే మనిషిగా మిగిలిపోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, మీకన్నా ముందు ఆ టీమ్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? రెండు మూడేళ్ల తర్వాత ఒక బిజినెస్‌నో, ఒక దేశం మార్కెట్‌నో అప్పగించి లాభనష్టాల బాధ్యత ఇచ్చి ఉంటే మంచి చోటు. అందరూ మళ్లీ బయటికే వెళ్లిపోయి ఉంటే కాదు. ఇంటర్వ్యూలో చెప్పిన మాటతో సరిపెట్టుకోకండి. అక్కడ పనిచేసి వెళ్లిన ఒకరిద్దరిని కలిసి కాఫీ తాగండి.

డబ్బు సంగతి. ఈఎంఐకి, ఇంటి ఖర్చుకి ఫిక్స్‌డ్ జీతాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోండి. షేర్లని లేనట్టే అనుకోండి. ఈసాప్స్, అంటే ముందే అనుకున్న ధరకి కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు, ఇచ్చాక కనీసం ఏడాదైనా గడవకుండా ఆ షేర్లు చేతికి రావు. వాటిని తీసుకున్నప్పుడే, ఇంకా అమ్మకముందే, ఆ రోజు ధరకీ మీరు కట్టిన ధరకీ మధ్య తేడాని జీతంలో కలిపి పన్ను వేస్తారు. ఇది తెలియక ఇబ్బంది పడ్డవాళ్లు నా దగ్గరికి వచ్చారు. మీకు ఐదేళ్లు దాటాయి కాబట్టి గ్రాట్యుటీ వస్తుంది, పీఎఫ్ తీసేయకుండా బదిలీ చేయించుకోండి. జాయినింగ్ బోనస్ ఇస్తామంటే ఎన్నాళ్లలోపు మానేస్తే తిరిగి కట్టాలో చదవండి. ఇప్పుడున్న కంపెనీ ఆరోగ్య బీమా సాధారణంగా మీరు మానేసిన రోజుతో ఆగిపోతుంది. కొత్తచోట అమ్మానాన్నలకి కవరేజి లేకపోతే, రాజీనామా చేసే ముందే విడిగా పాలసీ తీసుకోండి. ఆ వయసులో మధ్యలో ఒక్క నెల ఖాళీ కూడా ఉండకూడదు.

ఈ ఫార్మా కంపెనీ మీకు ఎప్పుడైనా క్లయింటా? అయితే మీ అగ్రిమెంటు మళ్లీ చదవండి. ఉద్యోగం మానేశాక ఫలానా చోట చేరకూడదనే షరతులు మన కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం సాధారణంగా చెల్లవు. రహస్యాల షరతు మాత్రం చెల్లుతుంది. ఒక్క ఫైలు కూడా వెంట తీసుకెళ్లకండి. ఇప్పుడున్న సంస్థలో మీ పైనున్న పార్ట్‌నర్‌కి ఈమెయిల్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పండి. వెళ్లిపోయినవాళ్లే రేపటి క్లయింట్లని ఆ వృత్తిలో అందరికీ తెలుసు, ఆయన మీరనుకున్నంత కోప్పడకపోవచ్చు. ఇక ఆ పార్ట్‌నర్ హోదా గురించి. రెండేళ్లంటే మరో రెండేళ్ల గురువారం రాత్రులు, అప్పటికీ గ్యారంటీ లేదు. పైకి వెళ్లలేనివాళ్లు బయటికి వెళ్లాల్సిందే అన్న పద్ధతి మీకు నేను చెప్పక్కర్లేదు.

నాన్నగారి మాటకి నొచ్చుకోకండి. ఆయన ఊళ్లో ఎవరడిగినా 'మావాడు కంపెనీలకి సలహాలు చెబుతాడు' అని ఇన్నేళ్లుగా గర్వంగా చెప్పుకున్నారు. మీరు ఆ మాటని తీసేస్తున్నారు, బదులుగా ఇంకో మాట ఇవ్వలేదు. మీ గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టిన అంజిరెడ్డి గారి సంగతి ఆయనకి తెలిసే ఉంటుంది. అంజిరెడ్డి గారు కూడా ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో ఉద్యోగిగానే పనిచేశారు. ఆ తర్వాతే, 1984లో, డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. మీరూ అలా కావాలని కాదు నేననేది. మందుల తయారీ గురించి లోపల ఉండి నేర్చుకోవడం చిన్నతనం కాదని నాన్నగారికి మీ నోటితో చెప్పండి. ఫోన్లో వద్దు. ఆదివారం పొద్దున్నే బయల్దేరి తెనాలి వెళ్లి, ఆయన పక్కన కూర్చుని, మీరు చేయబోయే పనేంటో ఒక టీచరుకి అర్థమయ్యేలా చెప్పండి. ఆయన ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. అనుమతి కోసం కాకుండా, చెప్పడం కోసమే వెళ్లండి.

మీ భార్య విషయానికి వస్తున్నాను. ఉద్యోగం మారితే ఇల్లు దానంతటదే బాగుపడుతుందని ఆశ పెట్టుకోకండి. స్ట్రాటజీ టీమ్‌కీ బోర్డు మీటింగు ముందు రాత్రులుంటాయి, ఎండీ ఆదివారం ఫోన్ చేసే రోజులుంటాయి. తేడా ఏమిటంటే పాపకి మంగళవారం జ్వరం వస్తే మీరు ఊళ్లో ఉంటారు. ఊళ్లో ఉన్నా ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారన్నది ఇప్పుడే మాట్లాడుకోవాలి. నాలుగేళ్లుగా ఆవిడ ఆ పనులన్నీ ఒక పద్ధతిలో నడుపుతున్నారు. మీరు రాగానే ఇలా కాదు, అలా చేద్దాం అని సర్దడం మొదలుపెట్టకండి. కొన్నాళ్లు చూడండి, చెప్పింది చేయండి. పొద్దున్న పాపని స్కూలుకి దింపే పని మీదే అనుకోండి, రోజూ.

ఈ శుక్రవారం పాప పడుకున్నాక ల్యాప్‌టాప్ మూసేసి ఆవిడ దగ్గర కూర్చోండి. ఆ రోజు చూపించిన షీటుకి సారీ చెప్పండి. మళ్లీ ఉద్యోగంలో చేరాలని ఉందా, ఉంటే ఎప్పుడు, దానికి మీ వైపు నుంచి ఏం మారాలి అని అడగండి. వెంటనే జవాబు రాకపోవచ్చు. మధ్యలో సలహా చెప్పకుండా ఆగండి, అది మీకు కష్టంగానే ఉంటుంది. ఆమె చేరాలనుకుంటే మీ జాయినింగ్ తేదీ, పాప స్కూలు టైమింగులు, తగ్గే ఆ ఐదో వంతు జీతం, అన్నీ ఆ మాటని బట్టి మారతాయి. ఇద్దరూ మాట్లాడుకున్నాక కూడా రెండు మూడు వారాలు నిద్ర పట్టకపోతే డాక్టర్‌కి చూపించుకోండి, వాయిదా వేయకండి.

కంపెనీకి జవాబు ఆ తర్వాతే రాయండి. పన్నెండు రోజులు చాలవనిపిస్తే ఇంకో వారం గడువు అడగండి. 'ఇంట్లో మాట్లాడుకోవాలి' అని ఉన్నది ఉన్నట్టే చెప్పండి. ఈ స్థాయి ఉద్యోగానికి వారం గడువు అడిగినందుకు సాధారణంగా ఎవరూ ఆఫర్ వెనక్కి తీసుకోరు.