క్రెడిట్లు కలిసొస్తే చదువు తగ్గుతుంది, వర్క్ పర్మిట్ కూడా తగ్గుతుందా?

ప్రశ్న: మాది ఖమ్మం. హైదరాబాద్‌లో బీటెక్ రెండేళ్లు చదివి మానేశాను. 2025 సెప్టెంబరులో స్టడీ పర్మిట్ మీద కెనడా వచ్చి, బ్రిటిష్ కొలంబియాలోని సర్రేలో ఒక ప్రైవేటు కాలేజీలో డిప్లొమాలో చేరాను. ఏప్రిల్‌తో రెండు సెమిస్టర్లు పూర్తయ్యాయి. ఈ కాలేజీ చదువుకు పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్, అంటే చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, రాదని ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఇప్పుడు మానిటోబాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ నాకు నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీలో సీటిచ్చింది. 120 క్రెడిట్లలో నా బీటెక్‌కు, ఇక్కడి డిప్లొమాకు కలిపి 60 క్రెడిట్లు ఇస్తామంది. వేసవిలో కూడా చదివితే 16 నెలల్లో డిగ్రీ అయిపోతుందని, అది నాలుగేళ్ల డిగ్రీ కాబట్టి మూడేళ్ల వర్క్ పర్మిట్ గ్యారంటీ అని కన్సల్టెంట్ అంటున్నాడు. సర్రే కాలేజీ సంగతి కొత్త అప్లికేషన్‌లో చెప్పక్కర్లేదని కూడా అన్నాడు. నమ్మవచ్చా?

జవాబు: రెండో మాట అసలు నమ్మకండి. మొదటి మాట నమ్మి ప్లాన్ వేసుకుంటే చాలా నష్టపోతారు. అలాగని మీ దారి మూసుకుపోలేదు. సెప్టెంబరులో మొదటి క్లాసుకు వెళ్లే లోపు సరిదిద్దుకోవడానికి మీకు టైముంది.

ముందు ఒక విషయం స్పష్టంగా అర్థం చేసుకోండి. క్రెడిట్లు ఇవ్వాలా వద్దా అన్నది యూనివర్సిటీ ఇష్టం. వర్క్ పర్మిట్ ఎంత కాలానికి ఇవ్వాలన్నది కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ, అంటే ఐఆర్‌సీసీ, తేల్చే విషయం. యూనివర్సిటీ మీరు ఏం నేర్చుకొచ్చారో చూస్తుంది. ఐఆర్‌సీసీ మాత్రం అర్హత ఉన్న కెనడా విద్యాసంస్థలో మీరు ఎంత కాలం చదివారో చూస్తుంది. మీ డిగ్రీ పట్టా మీద నాలుగేళ్ల కోర్సు పేరున్నా, అందులో సగం హైదరాబాద్‌లోనూ సర్రేలోనూ పూర్తయింది. హైదరాబాద్ చదువు లెక్కలోకి రాదు. సర్రే కాలేజీకి అర్హత లేదు కాబట్టి ఆ రెండు సెమిస్టర్లూ లెక్కలోకి రావు. అదే ఒక అర్హత గల కాలేజీ నుంచి మరో అర్హత గల కాలేజీకి మారిన వాళ్లకైతే రెండు చోట్ల చదివిన కాలాన్నీ కలిపి చూస్తారు. మీకు ఆ సౌకర్యం లేదు. మీ లెక్క మానిటోబాలో మొదటి రోజు నుంచే మొదలవుతుంది.

ఇప్పుడు కాలపరిమితి చూద్దాం. అర్హత గల చదువు 8 నెలల కంటే తక్కువైతే వర్క్ పర్మిట్ అసలు రాదు. 8 నెలల నుంచి రెండేళ్ల లోపు ఉంటే, చదివినంత కాలానికే ఇస్తారు. రెండేళ్లు లేదా అంతకు మించితే మూడేళ్ల వరకు ఇస్తారు. 2024 ఫిబ్రవరి 15 నుంచి మాస్టర్స్ వాళ్లకు మాత్రం 8 నెలల కోర్సుకైనా మూడేళ్లు ఇస్తున్నారు. బ్యాచిలర్స్‌కు ఆ వెసులుబాటు లేదు. అంటే మీరు 2026 సెప్టెంబరులో చేరి 2027 డిసెంబరుకల్లా ముగిస్తే, చేతికొచ్చేది 16 నెలల పర్మిట్ అనుకునే ప్లాన్ చేసుకోవాలి.

"రెండేళ్ల కోర్సును త్వరగా ముగించిన వాళ్లకు కూడా పూర్తి కోర్సు కాలానికే ఇస్తారు కదా" అని మీ కన్సల్టెంట్ అనవచ్చు. ఆ నియమం ఉన్న మాట నిజం. కానీ అది కోర్సు అంతా అక్కడే చదివి, తన కష్టంతో తొందరగా ముగించిన విద్యార్థి కోసం. మీకు మిగిలిన 60 క్రెడిట్లకు విడిగా ప్రకటించిన కోర్సు వ్యవధి ఉండదు. దాని మీద ఆశ పెట్టుకుని మూడేళ్ల భవిష్యత్తును పణంగా పెట్టమని నేను చెప్పలేను.

16 నెలలు ఎందుకు చాలవో కూడా చూడండి. పీఆర్, అంటే శాశ్వత నివాసం కోసం, కెనడాలో ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్లకు ఉండే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌లో వెళ్లాలంటే ఒక ఏడాది నైపుణ్య ఉద్యోగ అనుభవం, అంటే 1,560 గంటలు కావాలి. చదువుకుంటూ చేసిన పని అందులోకి రాదు. ఉద్యోగం దొరకడానికి నాలుగు నెలలు పడితే, మిగిలిన 12 నెలల్లో ఒక్క నెల ఖాళీ వచ్చినా లెక్క తప్పుతుంది. ఒక ఏడాది ఇంటి అద్దె ఆదా చేయబోయి ఇంత టెన్షన్ కొనితెచ్చుకోవడం ఎందుకు? పైగా పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ జీవితంలో ఒక్కసారే ఇస్తారు.

కాబట్టి నా సలహా ఇది. ఆ 60 క్రెడిట్లను సెమిస్టర్‌కు 12 చొప్పున ఐదు సెమిస్టర్లకు సర్దుకోండి. 2026 సెప్టెంబరు నుంచి 2027 ఏప్రిల్, 2027 సెప్టెంబరు నుంచి 2028 ఏప్రిల్, ఆ తర్వాత 2028 సెప్టెంబరు నుంచి డిసెంబరు. ఫీజు క్రెడిట్‌కు ఇంత అని వసూలు చేసే యూనివర్సిటీ అయితే ట్యూషన్ పెద్దగా మారదు, పెరిగేది ఇంటి ఖర్చు. 12 క్రెడిట్లు మీ యూనివర్సిటీలో ఫుల్‌టైమ్ కిందకు వస్తాయో లేదో రాతపూర్వకంగా అడగండి. అన్ని క్రెడిట్లూ తీసుకోకుండా కొన్ని వదులుకునే వీలుందా అని కూడా అడగండి.

క్రెడిట్లు తెచ్చుకున్న పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది నిజానికి మరో చోట. చివరి సెమిస్టర్‌లో తప్ప ప్రతి సెమిస్టర్‌లోనూ ఫుల్‌టైమ్ విద్యార్థిగానే ఉండాలి. మొదటి రెండేళ్ల సబ్జెక్టులు క్రెడిట్ల కింద పోయాక మీకు మిగిలేవన్నీ పై క్లాసుల సబ్జెక్టులే. అవి ఒకదాని తర్వాత ఒకటి చదవాల్సినవి. ఒక డేటాబేస్ సబ్జెక్టు శీతాకాలంలో మాత్రమే పెడతారు, దాని తర్వాతది అది పాసైతేనే ఇస్తారు. అలా మధ్యలో ఒక సెమిస్టర్‌కు రెండే సబ్జెక్టులు దొరికితే మీరు పార్ట్‌టైమ్ అయిపోతారు. దాంతో వర్క్ పర్మిట్ అర్హతే పోవచ్చు. అందుకే అకడమిక్ అడ్వైజర్ దగ్గర కూర్చుని, ఐదు సెమిస్టర్లకూ ఏ సబ్జెక్టు ఎప్పుడో కాగితం మీద రాయించుకోండి. ఖాళీ కనిపించిన చోట ఒక ఎలెక్టివ్ అట్టేపెట్టుకోండి. ఆన్‌లైన్ క్లాసులు సగం దాటకుండా చూసుకోండి.

ఇక కాలేజీ మారే పద్ధతి. పోర్టల్‌లో పేరు మార్చుకుంటే సరిపోయే రోజులు పోయాయి. 2024 నవంబరు 8 నుంచి కాలేజీ మారాలంటే కొత్త స్టడీ పర్మిట్‌కు అప్లై చేయాలి. దానికి మానిటోబా ప్రావిన్స్ ఇచ్చే అటెస్టేషన్ లెటర్ కావాలి, అది యూనివర్సిటీ ద్వారా వస్తుంది. అప్లై చేశాను కదా అని పర్మిట్ రాకముందే కొత్త చోట క్లాసులకు వెళ్లకండి. రెండు చదువుల మధ్య గ్యాప్ 150 రోజులు దాటకూడదు. ఏప్రిల్ చివర నుంచి సెప్టెంబరు మొదటి వారానికి మీరు ఆ హద్దు లోపలే ఉంటారు, కానీ జనవరికి వాయిదా పడితే ఉండరు. ఇంకో మాట, కాలేజీ మారే ఈ ఖాళీలో బయట పని చేయడానికి మీకు అనుమతి లేదు. పెట్రోల్ బంకైనా, ఫుడ్ డెలివరీ అయినా, చదువుకునే విద్యార్థులు బయట వారానికి 24 గంటలు పని చేసుకోవచ్చన్న లెక్క ఇప్పుడు మీకు వర్తించదు.

సర్రే కాలేజీ సంగతి దాచడం గురించి. మీ ప్రస్తుత పర్మిట్ ఆ కాలేజీ పేరు మీదే ఉంది, ఐఆర్‌సీసీ దగ్గర ఆ రికార్డూ ఉంది. దాస్తే వలస చట్టంలోని సెక్షన్ 40 కింద తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. ఐదేళ్ల పాటు కెనడాలో అడుగుపెట్టకుండా నిషేధం పడుతుంది. అర్హత లేని కాలేజీలో చదవడం నేరం కాదు. ఉన్నది ఉన్నట్టు రాసి, ఎందుకు మారుతున్నారో ఒక పేజీ లెటర్ జతచేయండి. డబ్బు తీసుకుని ఇలాంటి సలహా ఇచ్చే హక్కు ఇక్కడ లా సొసైటీలో సభ్యులైన వాళ్లకు, క్యుబెక్ నోటరీలకు, లైసెన్సున్న ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్లకు మాత్రమే ఉంది. మీ వాడిని లైసెన్సు నంబరు అడగండి.

మీది డిగ్రీ కాబట్టి, డిప్లొమా వాళ్లకు 2024 నవంబరు 1 నుంచి పెట్టిన సబ్జెక్టుల జాబితా మీకు వర్తించదు. ఇంగ్లిష్ పరీక్ష మాత్రం వర్తిస్తుంది. నాలుగు విభాగాల్లోనూ సీఎల్‌బీ (కెనడా భాషా ప్రమాణం) 7, అంటే ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో ఒక్కోదాంట్లో 6.0 రావాలి. ఖమ్మం నుంచి వచ్చేటప్పుడు అకడమిక్ రాసి ఉంటే ఆ స్కోరు దీనికి పనికిరాదు. స్కోరుకు రెండేళ్ల గడువు కూడా ఉంది కాబట్టి ఇప్పుడే రాయకండి, చివరి సెమిస్టర్‌లో రాయండి. పాస్‌పోర్ట్ గడువు ముందే తీరిపోతే పర్మిట్ కూడా అంతవరకే ఇస్తారు, అప్లై చేసే ముందే రెన్యువల్ చేయించుకోండి.

ఈ వారంలోనే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి రెండు అడగండి: క్రెడిట్ల బదిలీ వివరాల కాగితం, 12 క్రెడిట్లు ఫుల్‌టైమే అని లెటర్. చదువు ముగిశాక మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్‌తో పాటు ఇచ్చే కంప్లీషన్ లెటర్‌లో, అక్కడ మీరు చేరిన తేదీ, ముగించిన తేదీ, ప్రతి సెమిస్టర్ ఫుల్‌టైమే అన్న మాట ఉండేలా చూసుకోండి. ఆ ధ్రువీకరణ వచ్చిన రోజు నుంచి 180 రోజుల్లో అప్లై చేయాలి, ఆ 180 రోజుల్లో ఎప్పుడో ఒకప్పుడు మీ స్టడీ పర్మిట్ చెల్లుబాటులో ఉండి ఉండాలి. చదువు ముగిసిన 90 రోజులకు స్టడీ పర్మిట్ చెల్లకుండా పోతుంది కాబట్టి, మీరు 180 వరకు ఆగకండి, లెటర్ చేతికి రాగానే అప్లై చేసేయండి.