తలకు దెబ్బ తగిలింది, నెలసరి గాడి తప్పింది... నిద్ర పట్టేదెలా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఆరు వారాల కిందట బండి మీద నుంచి పడి తల వెనక దెబ్బ తగిలింది. సీటీ స్కాన్‌లో ఏమీ లేదు, కంకషన్ అన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు. ఏడాదిగా నెలసరి ఓసారి 24 రోజులకే, ఓసారి రెండు నెలలకు వస్తోంది. వచ్చినప్పుడు బ్లీడింగ్ ఎక్కువ. రాత్రి 9కే పడుకున్నా 11 దాటితే గానీ నిద్ర పట్టదు. 3 గంటలకల్లా ఒళ్లంతా చెమటతో మెలకువ వస్తుంది, ఇక దొర్లడమే. తెల్లవారుతుండగా కునుకు పట్టి 7కు లేస్తాను. మొత్తం మీద ఐదున్నర గంటల నిద్ర ఉంటుందేమో. పగలు తల బరువు, వెలుతురు పడదు. కర్టెన్లు వేసుకుని పడుకునే ఉంటున్నాను. ఇదంతా దెబ్బ వల్లా, వయసు వల్లా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: రెండిటి వల్లా. పైగా పగటి పడక కూడా తోడైంది. పూర్తిగా మీ చేతుల్లో ఉన్నది అదే కాబట్టి అక్కడే మొదలుపెట్టండి.

కంకషన్‌లో మెదడు పనితీరు కొంతకాలం చెదిరిపోతుంది. సీటీ రక్తస్రావాన్నీ, ఎముక విరగడాన్నీ పట్టుకుంటుంది గానీ దీన్ని పట్టుకోలేదు. స్కాన్ బాగుంది కదా అని ఇంట్లోవాళ్లు మీ బాధను తేలిగ్గా తీసుకుంటే వాళ్లకు ఈ మాట చెప్పండి. అయితే గట్టి విశ్రాంతి కావలసింది మొదటి 24 నుంచి 48 గంటలే. ఆరు వారాల తర్వాత కూడా చీకటి గదిలోనే ఉంటే మెదడులోని గడియారానికి పగలేదో రాత్రేదో తెలియదు. కళ్లు వెలుతురుకు మరింత అలవాటు తప్పుతాయి. రాత్రికి కావలసిన నిద్ర ఆకలి పగలే సగం తీరిపోతుంది.

లేచిన గంటలోపు అరగంట సేపు ఆరుబయటో బాల్కనీలోనో ఉండండి. వెలుతురు పడకపోతే అంచున్న టోపీ పెట్టుకోండి, ఇంట్లో మాత్రం నల్ల కళ్లద్దాలు వద్దు. రోజూ 15 నుంచి 20 నిమిషాలు నడవండి. తలనొప్పికి పదికి ఎన్ని మార్కులో ముందే వేసుకోండి. నడుస్తుండగా రెండు మార్కులకు మించి పెరిగితే ఆగిపోండి. కాస్త పెరిగి గంటలోపు తగ్గిపోతే భయం లేదు, మర్నాడూ నడవవచ్చు. పగటి కునుకు ఒక్కటే, అదీ మధ్యాహ్నం 2 కాకముందే, అలారం పెట్టుకుని 20 నుంచి 30 నిమిషాలు.

ఇక రాత్రి సంగతి. 9 నుంచి 7 దాకా పది గంటలు మంచం మీద ఉండి ఐదున్నర గంటలు నిద్రపోతున్నారు. మిగిలిన సమయమంతా మంచానికీ మెలకువకూ ముడి వేస్తోంది. నిద్రపోయే సమయానికి ఒక గంట కలిపి, ఆరున్నర గంటలే మంచం మీద ఉండండి. అంటే రాత్రి 11.30కి పడుకుని ఉదయం 6కు లేవడం. రాత్రి ఎలా గడిచినా 6కు లేవాల్సిందే. ఒక వారం సగటున ఐదున్నర గంటలు నిద్ర పట్టిందంటే మర్నాటి నుంచి 15 నిమిషాలు ముందు పడుకోండి. అలా వారానికోసారి పెంచుకుంటూ వెళ్లండి. తలకు దెబ్బ తగిలినవాళ్లు మంచం మీది సమయాన్ని ఆరు గంటల కంటే తగ్గించకూడదు. ఫిట్స్ గానీ, బైపోలార్ సమస్య గానీ ఉంటే డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఈ పద్ధతి వద్దు. మొదటి వారం పగలు మగతగా ఉంటుంది, ఆ రోజుల్లో బండి అసలు తీయకండి.

చెమట గురించి. నెలసరి ఆగిపోయే దశ దగ్గరపడుతుంటే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఎగుడుదిగుడవుతుంది. దాంతో ఒంటి వేడిని అదుపు చేసే మెదడు భాగం కొద్దిపాటి వేడికే ఉలిక్కిపడి చెమటలు పట్టిస్తుంది. ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ నుంచి తయారయ్యే ఒక పదార్థం మెదడును నెమ్మదింపజేస్తుంది, ఈ వయసులో అదీ తగ్గుతుంది. మీ కాకినాడ ఉక్కలో ఫ్యాన్ ఒక్కటే చాలదు, గాలిలో తేమకు చెమట ఆరదు. ఏసీ ఉంటే 24 నుంచి 26 మధ్య పెట్టండి. ఫోమ్ పరుపు వేడిని పట్టి ఉంచుతుంది, దూది పరుపు నయం. పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి నడుము కింద పరుచుకోండి. తడిసినప్పుడు దాన్ని లాగేస్తే కింద పొడి దుప్పటి ఉంటుంది. లైటు వేసి పక్క మార్చే పని తప్పుతుంది. మధ్యాహ్నం 12 దాటాక కాఫీ, టీ మానండి. రాత్రి భోజనంలో కారం తగ్గితే ఆవిర్లు తగ్గుతాయేమో రెండు వారాలు చూడండి.

మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైందనిపిస్తే (గడియారం చూడొద్దు) మంచం దిగండి. ముందు నిమిషం సేపు కూర్చుని తర్వాతే నిలబడండి. తల మళ్లీ దేనికీ తగలకూడదు. దారిలో పట్టాలు, చాపలు తీసేసి నేలకు దగ్గరగా చిన్న బెడ్‌లైట్ పెట్టుకోండి. కుర్చీలో కూర్చుని సన్నని శబ్దంతో పాటలు వినవచ్చు. ఫోన్ చూడకండి. కళ్లు మూతలు పడుతుంటే మళ్లీ మంచం ఎక్కండి.

ఒక నోటుబుక్కులో రెండు వారాలు మెలకువ వచ్చిన వేళ, దాని కారణం, నెలసరి తేదీ రాయండి. డాక్టర్‌కు ఏ రిపోర్టు కన్నా ఇదే ఎక్కువ ఉపయోగం. పక్కకు తిరగగానే గది గిర్రున తిరిగి నిమిషంలోపు తగ్గుతుంటే అది లోపలి చెవి సమస్య, తలదెబ్బ తర్వాత తరచూ వస్తుంది. ఈఎన్‌టీ డాక్టరో ఫిజియోథెరపిస్టో తలను ఒక వరుసలో తిప్పి ఒకటి రెండుసార్లలోనే సరిచేయగలరు, మందు అక్కర్లేదు. పడుకోగానే కాళ్లు లాగి కదపాలనిపిస్తుంటే ఐరన్ తక్కువై ఉండవచ్చు. మీకు బ్లీడింగ్ ఎక్కువ కాబట్టి హిమోగ్లోబిన్‌తో సరిపెట్టకుండా ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) కూడా చూపించుకోండి. కాళ్ల బాధ ఉంటే అది 75 లోపున్నా ఐరన్ ఇస్తారు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. గురక ఉంటే తప్పక చెప్పండి.

పారాసిటమాల్ నెలలో 15 రోజులకు చేరితే ఆ మాత్రే తలనొప్పి తెప్పించడం మొదలుపెడుతుంది. వేసుకున్న రోజులూ నోటుబుక్కులో రాయండి.

ప్రశ్న: మా ఆవిడకు 49. తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి నిద్ర లేదని మందుల షాపులో అడిగితే ఆల్ప్రాజోలం 0.25 ఇచ్చారు. రెండు నెలలుగా రోజూ వేసుకుంటోంది. పొద్దున తూలుతోంది, మాటలు మరిచిపోతోంది. వెంటనే మాన్పించమంటారా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వెంటనే మాత్రం మాన్పించకండి. రోజూ వాడుతున్న ఆల్ప్రాజోలం ఒక్కసారిగా ఆపితే దడ, వణుకు, ముందుకన్నా ఎక్కువ నిద్రలేమి వస్తాయి. కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చూస్తూ రెండు వారాలకోసారి పదో వంతు నుంచి పావు వంతు వరకు తగ్గిస్తారు. తూలడం, మరుపు ఇప్పటికే కంకషన్ లక్షణాలు. ఈ మాత్ర వాటిని పెంచుతుంది, కోలుకుంటున్నదీ లేనిదీ తెలియకుండా చేస్తుంది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్రతోనూ, మగత తెచ్చే జలుబు మాత్రలతోనూ ఇదే చిక్కు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది. షాపువాళ్లది తప్పే. ఈలోగా పైన చెప్పిన పద్ధతులు మొదలుపెట్టవచ్చు. మెలటోనిన్ (నిద్రవేళను ఒంటికి తెలిపే హార్మోన్) తక్కువ మోతాదులో కొందరికి పనికొస్తుంది, అదీ డాక్టర్ చెబితేనే.

ప్రశ్న: తలదెబ్బ తగిలినవాళ్లు హార్మోన్ మాత్రలు వాడవచ్చా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కంకషన్ ఒక్కటే అడ్డు కాదు. చెమటల వల్లే మెలకువ వస్తుంటే హార్మోన్ చికిత్స బాగా పనిచేస్తుంది. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ తప్పనిసరిగా వాడాలి. మైక్రొనైజ్డ్ ప్రొజెస్టెరాన్ రాత్రి పడుకునేముందు వేసుకుంటే మగత కూడా ఇస్తుంది. కాకపోతే తల తిరుగుతున్నవాళ్లు మాత్ర వేసుకున్నాక ఇక లేచి తిరగకూడదు. రొమ్ము క్యాన్సర్, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డలు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు సాధారణంగా ఇవ్వరు. మెదడులో రక్తస్రావం జరిగి ఉంటే న్యూరాలజిస్టును అడిగాకే. బ్లీడింగ్ అతిగా, అడ్డదిడ్డంగా ఉంటే ముందు గర్భసంచి స్కాన్, అవసరమైతే లోపొర పరీక్ష జరగాలి. నెలసరి ఆగే దశ వచ్చిందా అని 45 దాటినవాళ్లకు ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పరీక్ష అక్కర్లేదు, అది వారం వారం మారిపోతుంది. ఈ హార్మోన్ మాత్రలు గర్భం రాకుండా ఆపవు.

ప్రశ్న: దెబ్బ తగిలి నెల దాటింది. స్కాన్ మళ్లీ తీయించాలా?
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: బాధ మెల్లగా తగ్గుతుంటే అక్కర్లేదు. తలనొప్పి రోజురోజుకూ పెరగడం, పదే పదే వాంతులు, ఒక పక్క చెయ్యో కాలో బలం తగ్గడం, మాట తడబడటం, ఫిట్స్, ఎంత లేపినా లేవనంత మగత - వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి. పుర్రె లోపల రక్తం మెల్లగా చేరి వారాల తర్వాత బయటపడటం ఉంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లలో, పెద్దవయసువాళ్లలో అది ఎక్కువ.