ఎయిర్ ఫ్రైయర్‌లో యాపిల్ క్రంబుల్ పైన మాడి, లోపల పచ్చిగా ఉంటే

యాపిల్ క్రంబుల్ (పండు ముక్కల మీద మైదా, వెన్న, చక్కెర నలిపిన పొడి చల్లి కాల్చే తీపి వంటకం) పైన మాడుతోంది, లోపల ముక్కలు ఉడకట్లేదు, ఇక ఓవెన్ కొనాల్సిందేనా అని అడిగారు. అక్కర్లేదు అక్కా. హన్మకొండలో మా ఇంట్లో మొదటిసారి ఇదే జరిగింది, అదీ మా ఆడపడుచు వాళ్లు కాజీపేట నుంచి భోజనానికి వచ్చిన రోజే. 180 డిగ్రీల్లో అరగంట పెట్టాను, తీసి చూస్తే పైన బొగ్గు, కింద కరకరలాడే పచ్చి యాపిల్. మాడిన పొర గీకేసి, ముక్కల్ని చక్కెరతో కడాయిలో మగ్గబెట్టి హల్వా అని చెప్పి పెట్టేశాను. ఎవరూ ఏమీ అనలేదు, రెండోసారి మాత్రం ఎవరూ వేసుకోలేదు.

తప్పు మీది కాదు, ఆ రెసిపీ ఓవెన్‌ది. ఎయిర్ ఫ్రైయర్‌లో కాయిల్, ఫ్యాన్ రెండూ గిన్నెకు దగ్గరగా పైనే ఉంటాయి, వేడిగాలి ముందు తగిలేది పైనున్న పిండికే, పండు దాకా ఆ వేడి దిగేలోపే పిండి పని అయిపోతుంది. అందుకని నేను ఇప్పుడు పండును ముందు ఒక్కదాన్నే ఉడికిస్తాను.

మూడు యాపిల్స్, అంటే సుమారు అరకిలో, తొక్క తీసి అర అంగుళం ముక్కలు చేసి, రెండు చెంచాల చక్కెర, చిటికెడు దాల్చిన చెక్క పొడి, అర చెక్క నిమ్మరసం కలపండి. మనకు దొరికే ఎర్ర కశ్మీర్ యాపిల్‌లో తీపే తప్ప పులుపు ఉండదు, నిమ్మరసం మానేస్తే చప్పగా ఉంటుంది. 6 అంగుళాల స్టీలు గిన్నె చాలు, చుట్టూ గాలి తిరగడానికి కాస్త సందు ఉండాలి. పైన ఫాయిల్ కప్పి అంచుల్ని గిన్నె కిందికి గట్టిగా మడవండి, వదులుగా ఉంటే ఫ్యాన్ గాలికి లేచి కాయిల్‌కు తగులుతుంది. 170 డిగ్రీల్లో 12 నుంచి 15 నిమిషాలు. ఫోర్క్ గుచ్చితే మెత్తగా దిగాలి, దిగకపోతే ఇంకో మూడు నిమిషాలు పెట్టండి కానీ పిండి మాత్రం అప్పుడే వేయకండి.

పైపొరకు 80 గ్రాముల మైదా, 40 గ్రాముల చక్కెర, 40 గ్రాముల ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న. ఉప్పున్న వెన్న అయితే మళ్లీ ఉప్పు వద్దు. వేలికొసలతో నలపండి. సద్దుల బతుకమ్మకు మలీద చేస్తాం కదా, ముద్ద కట్టకముందు అది ఎట్లా ఉంటుందో సరిగ్గా అట్లా రావాలి, గుప్పిట పడితే ముద్దవ్వాలి, వదిలితే విరగాలి. నేను ఒకసారి వెన్న తగ్గించాను (డైటింగ్ రోజులు), పొడి మైదా అంతా ఎగిరి కాయిల్‌కు అంటుకొని రెండు రోజులు ఇల్లంతా మాడు వాసన. ఓట్స్ వేసినా అంతే, వెన్న పట్టించకపోతే ఎగురుతాయి. పండు మీద చల్లాక అరచేత్తో మెల్లగా అద్దండి, అణచొద్దు. ఇప్పుడు ఫాయిల్ లేకుండా 160 డిగ్రీల్లో 10 నిమిషాలు, ఎనిమిదో నిమిషంలోనే ఒకసారి తెరిచి చూడండి. చక్కెర బదులు బెల్లం పొడి వేస్తే ఇంకా తొందరగా రంగు మారుతుంది.

ఎండాకాలం జగిత్యాల మామిడిపండ్లతో మస్తుగా ఉంటుంది, దాల్చిన చెక్క బదులు ఇలాచీ. మామిడిని ముందుగా ఉడికించే పని లేదు కానీ రసం ఎక్కువ, అందుకని ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కలపాలి. కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లటిది, మా అత్తమ్మ పచ్చటి మక్కపిండి వేసి ఇచ్చింది, తింటే నోట్లో ఇసుక. జామపండ్లతో కూడా చేశాను, గింజలు తీసే ఓపికుంటే చేయండి.

కరెంటు టెన్షన్ అక్కర్లేదు, 1500 వాట్ల మెషిన్ 25 నిమిషాలు ఆగకుండా నడిచినా 0.6 యూనిట్ చిల్లర. కాకపోతే 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టండి, ఇన్వర్టర్ మీద వద్దు.

తీశాక పది నిమిషాలు ఆగాలి, పండు రసం అప్పుడే చిక్కబడుతుంది, వెంటనే తింటే నాలుక కాలడం ఖాయం. మీ బుట్ట ఎంత పెద్దదో రాయలేదు. 8 అంగుళాల గిన్నె పట్టేదైతే యాపిల్స్ ఐదు వేసి, ఫాయిల్ కింద ఇంకో ఐదారు నిమిషాలు ఎక్కువ ఉంచండి.